‘సహస్రదంష్ట్రః’: పళ్లున్న ఆ చేప ఏది?

ధర్మసాగరం పాఠకుడు: నిన్న మా చెరువులో గాలానికి ఎప్పుడూ చూడని చేప పడింది. గుండ్రటి వెండిరంగు ఒళ్లు, ఎర్రటి పొట్ట, నోరు తెరిస్తే అచ్చం మనిషి పలువరుస. చూడగానే సంస్కృత నిఘంటువు అమరకోశంలోని ‘శతదంష్ట్రః పాఠీనః’ (నూరు కోరలున్నది పాఠీనం) గుర్తొచ్చింది. నీటి సంగతులు చెప్పే వారివర్గంలోదే. ముందూ వెనకా అందడం లేదు. దాన్ని రాసిన అమరసింహుడు చెప్పింది ఈ చేప గురించేనా?

ఓరుగల్లు శిష్యుడు: శత కాదు, సహస్ర. ‘సహస్రదంష్ట్రః పాఠీన ఉలూపీ శిశుకః సమౌ’. శత అంటే పాదంలో ఏడక్షరాలే, పాదానికి ఎనిమిదక్షరాలుండాల్సిన అనుష్టుప్పు కుంటుతుంది. పాఠీనం మన వాలుగ. పొలుసు ఉండదు, మీసాలుంటాయి, వెడల్పాటి నోటినిండా సన్నని పళ్లు. మీకు పడింది రూప్‌చంద్ కావాలి. అమెజాన్ నీళ్ల చేప, పిరానాకు చుట్టం. గింజలూ కాయలూ నమలడానికే ఆ చదును పళ్లు. ఏ పెంపకం చెరువు నుంచో తప్పించుకుని వచ్చి ఉంటుంది. దానికి అమరంలో పేరెలా ఉంటుంది?

ములుగు మాస్టారు: వాలుగ సంగతి సరే. నన్ను దాని పైపంక్తి వదలడం లేదు: ‘విసారః శకులీ చాథ గడకః శకులార్భకః’. మా గురువుగారు ‘గండకః’ అనే వల్లె వేయించారు. గండుమీనులోని గండు ఇదేనని నా గట్టి నమ్మకం.

ఓరుగల్లు శిష్యుడు: గండకమంటే ఖడ్గమృగం, మాస్టారూ. సింహాదివర్గంలో అమరుడే చెప్పాడు.

ములుగు మాస్టారు: ఒక మాటకు రెండర్థాలుండవా? నానార్థవర్గం ఎందుకుంది మరి? కావాలంటే ఛందస్సుతో తేల్చండి.

ఓరుగల్లు శిష్యుడు: ఛందస్సుతో తేలదు. అక్కడ మొదటి అక్షరం లఘువైనా గురువైనా అనుష్టుప్పుకు సమ్మతమే. అర్థం చూడండి. గడకమే శకులార్భకం. శకులం కొర్రమీను, అర్భకం దాని పిల్ల. ఎర్రగా గుంపుకట్టి నీటిమీద తిరుగుతుంటే కింద పెద్దచేప కాపలా కాసే ఆ పిల్లల్ని గండు అని ఎవరంటారు?

బమ్మెర వాసి: పిల్లచేప అన్నాక మా పోతన గారిని తలచుకోకుండా ఎలా? ఆయన తెనిగించిన భాగవతంలో మత్స్యావతార కథ ఉంది కదా, కృతమాల నదిలో సత్యవ్రతుడనే రాజు దోసిట్లో పడిన ఆ పిల్లను మూలంలో వ్యాసుడు శఫరి అన్నాడు. అమరంలో ఆ తర్వాతి పంక్తిలోనే ఉంది, ‘ప్రోష్ఠీ తు శఫరీ ద్వయోః’. శఫరి అంటే మన పరక. కమండలం చాలక, సరోవరం చాలక, చివరికి సముద్రానికి చేరిన ఆ స్వామి మొదట పరకంతే ఉన్నాడనుకుంటే నాకు ఒళ్లు పులకరిస్తుంది. ఈ కథ ఉన్న అష్టమస్కంధం అనగానే అందరూ గజేంద్రమోక్షం దగ్గరే ఆగిపోతారు. దయచేసి చివరిదాకా చదవండి.

ములుగు మాస్టారు: చదివినవాళ్లమే, బమ్మెర వారూ. శిష్యుడు గారికి నా జవాబు ఇది: గండుతుమ్మెదలో గండు అంటే మగది. అందులో పెద్దతనం ఏముంది?

ధర్మసాగరం పాఠకుడు: నా చేప రూప్‌చందే అనుకుంటాను. మరి ఉలూపీ, శిశుకః అనేవి చేపలేనా?

ఓరుగల్లు శిష్యుడు: దానికి తర్వాత వస్తాను. అమరానికి వ్యాఖ్య అయిన లింగాభట్టీయం ఎవరి దగ్గరైనా ఉంటే ‘గడకః’ ఉన్న పుట ఫోటో పెట్టండి. అమరానికి తెలుగు టీక, నా గురుబాలప్రబోధిక అటక మీద ఉంది, రేపు దింపి అక్కడ సున్నా ఉందో లేదో చూస్తాను.