రీఫ్ ట్యాంక్‌కి ఒక పెద్ద పంపా, రెండు చిన్న పంపులా?

కొత్తట్యాంక్:
నాలుగడుగుల రీఫ్ ట్యాంక్ (పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియం) మొదలుపెడుతున్నాను. 120 × 45 × 50 సెంటీమీటర్లు, అంటే 270 లీటర్లు. మధ్యలో రాళ్ల గుట్ట వస్తుంది. ముందు మెత్తటి పగడాలు, పొడవాటి చేతులుండే యూఫిలియా పగడం పెడతాను. ట్యాంక్ కుదురుకున్నాక కొమ్మలుండే అక్రోపోరా పగడం పెంచాలని ఆశ. గంటకు 10,000 లీటర్లు తిప్పే జైర్ పంపు ఒక్కటి చాలని ఒకరు, 4,000 లీటర్ల వేవ్‌మేకర్లు (ట్యాంక్‌లో నీళ్లు కదిపే చిన్న పంపులు) రెండు పెట్టమని ఇంకొకరు అంటున్నారు. లెక్కేస్తే మొదటిది గంటకు ట్యాంక్ నీళ్లకు 37 రెట్లు తిప్పుతుంది, రెండోది 30 రెట్లు. పెద్ద అంకె ఉన్నదే కొనాలా? తేల్చుకోలేక టెన్షన్‌గా ఉంది.

నీలికెరటం:
జైర్ తీసుకోండి. మామూలు వేవ్‌మేకర్ నీళ్లను ఒకచోటికి గురిపెట్టి చిమ్ముతుంది. ఎదురుగా ఉన్న పగడం దెబ్బ తింటుంది, పక్కనున్నదానికి కదలికే అందదు. జైర్‌లో రోటర్ పొడవుగా ఉంటుంది కాబట్టి నీళ్లు వెడల్పాటి పొరలా సాగుతాయి. ఆ పొర అవతలి అద్దానికి తగిలి, కిందికి దిగి, ఇసుక మీదుగా వెనక్కి వస్తుంది. ట్యాంకంతా ఒకే చక్రంలా తిరుగుతుంది. పొడుగ్గా, సన్నగా ఉండే మీలాంటి ట్యాంక్‌కి ఇంతకంటే మంచిది లేదు.

పగడపుతోట:
ఆ చక్రం ఖాళీ ట్యాంక్‌లో నిజమే, నీలికెరటం గారూ. మధ్యలో గుట్ట పెట్టగానే వెనక్కి రావాల్సిన నీళ్లు రాళ్లకు కొట్టుకుని నెమ్మదిస్తాయి. గుట్ట వెనక మురికి పేరుకుంటుంది. రెండు పంపులు చెరోవైపు పెట్టి వంతులవారీగా నడిపితే నీళ్లు కాసేపు ఇటు నుంచి, కాసేపు అటు నుంచి వస్తాయి.

దిశ మారడం ఎందుకంటే, పగడం చర్మానికి అంటుకుని కదలని నీటి పొర ఒకటి ఉంటుంది. పగడం లోపలి జూగ్జాంథెల్లే శైవలాలు పగలు వెలుతురులో ఆక్సిజన్ తయారుచేస్తాయి. అది ఎక్కువైతే కణజాలానికే హాని. ఆ పొర పలచబడితేనే ఆక్సిజన్ బయటికి పోతుంది, పోషకాలు లోపలికి వస్తాయి. ఎప్పుడూ ఒకవైపు నుంచే నీళ్లు తగిలితే కొమ్మల చాటు భాగానికి ఆ మేలు అందదు.

ఇంకో భయం కూడా ఉంది. రెండేళ్లు ఒక్క జైర్‌తోనే నడిపాను. ఒక రాత్రి రోటర్ పట్టేసింది. రాత్రిళ్లు చేపలతో పాటు పగడాలూ, శైవలాలూ ఆక్సిజన్ వాడుకునేవే. తెల్లారి చూస్తే చేపలన్నీ పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. సంప్ (ట్యాంక్ కింద ఉండే ఫిల్టర్ తొట్టి) నుంచి నీళ్లెక్కించే రిటర్న్ పంపు నడుస్తుండబట్టి బతికాయి. నాకు చాలా ఇష్టమైన అక్రోపోరా మాత్రం దక్కలేదు. ఆ తెల్లవారుజాము ఇప్పటికీ మర్చిపోలేను.

నీలికెరటం:
చదువుతుంటే బాధేసింది. ఒకే పంపు మీద ఆధారపడకూడదన్న మాట ఒప్పుకుంటాను. దిశ విషయంలో మాత్రం కాదు. వెనక్కి తిరిగే జైర్లు ఉన్నాయి. 24 వోల్టుల డీసీ రకమైతే, కంట్రోలర్‌లో ఆ సదుపాయం ఉంటే, కరెంటు పోయినా బ్యాటరీ మీద నడుస్తుంది.

ఉప్పునీటిబడి:
మీరిద్దరూ రోటర్ పట్టేయడానికి కారణం చెప్పలేదు. సున్నం, కోరలైన్ నాచు (గట్టి పెచ్చులా పట్టే నాచు) పేరుకుని ఉంటాయి. జైర్ జాలీ త్వరగా మూసుకుపోతుంది, రోటర్ చివరనున్న బుష్‌లు (అది తిరిగే ఆధారాలు) అరుగుతాయి. ఏ పంపునైనా రెండు మూడు నెలలకోసారి నీళ్లు కలిపిన వెనిగర్‌లో నానబెట్టి రుద్దాల్సిందే. రెండుంటే ఒకదాన్ని కడిగేటప్పుడు రెండోది నడుస్తుంది, అందుకే నా ఓటు పగడపుతోట గారికి.

కొత్తట్యాంక్ గారూ, పెట్టె మీది అంకె అడ్డేమీ లేనప్పటిది. 30, 37 మధ్య తేడా పట్టించుకోకండి. యూఫిలియా చేతులు మెల్లగా ఊగాలి. ఒకవైపు వంగిపోయి అలాగే ఉంటే ప్రవాహం ఎక్కువైనట్టే, కణజాలం అస్థిపంజరానికి ఒరుసుకుని చిరుగుతుంది. అక్రోపోరాకి అంతకంటే చాలా బలమైన, గజిబిజి ప్రవాహం కావాలి. ఎనిమోనీ (పగడాల జాతి మెత్తటి జీవి) పెడితే పంపుకి జాలీ కవర్ తప్పనిసరి, అది జరుగుతూ వెళ్లి పంపులో చిక్కుకోవచ్చు.

కొత్తట్యాంక్:
అందరికీ థాంక్స్ అండీ. 4,000 లీటర్లవి రెండు, డీసీ రకం, చెరోవైపు పెడతాను. యూఫిలియా ఒక మూలన కింద, అక్రోపోరాకి గుట్ట పైభాగం. అక్రోపోరా వేళకి బలం చాలకపోతే అప్పుడు జైర్ కూడా తగిలిస్తాను. నిన్న పేర్చిన రాళ్లు వెనక అద్దానికి ఆనుకుని ఉన్నాయి, వెనక మురికి పేరుకోకుండా నీళ్లు పోసేలోపు బెత్తెడు ముందుకు జరుపుతున్నాను.