గీజర్ వేస్తే ఆర్‌సీసీబీ పడిపోతోంది, తీసేయమంటున్నారు. ఏం చెయ్యాలి?

ప్రశ్న (మారతహళ్ళి, బెంగళూరు)

అందరికీ నమస్కారం. ఈమధ్యే మారతహళ్ళిలో ఒక పాత అపార్ట్‌మెంట్‌కి అద్దెకి వచ్చాం. బాత్‌రూమ్‌లో 25 లీటర్ల గీజర్ ఉంది. స్విచ్ వేసిన కాసేపటికి ఇల్లంతా కరెంటు పోతోంది. వెళ్ళి చూస్తే మెయిన్ బోర్డులో 'టి' బటన్ ఉన్న వెడల్పాటి స్విచ్, అంటే ఆర్‌సీసీబీ, కిందికి పడి ఉంటోంది. ఓనర్ పంపిన ఎలక్ట్రీషియన్ "ఇది మరీ సెన్సిటివ్, డైరెక్ట్ చేసేస్తాను, గొడవ వదిలిపోతుంది" అన్నాడు. వద్దని ఆపాను.

ఇంకొకటి. గీజర్ అడుగున చల్లనీళ్ళ పైపు దగ్గర చిన్న వాల్వు ఉంది. దాని మూతికి ఎవరో ఎండ్ క్యాప్ బిగించేశారు. నీళ్ళు కారి గోడ పాడవుతోందని ఇంతకుముందు ఉన్నవాళ్ళు పెట్టించారట. ఇంట్లో అమ్మ, నాలుగేళ్ళ పాప ఉన్నారు, టెన్షన్‌గా ఉంది. మేం సొంతంగా చూసుకోగలిగినవి ఏవి, పనివాణ్ణి పిలవాల్సినవి ఏవి?

జవాబు (కె.ఆర్.పురం, వైరింగ్ పని చేస్తాను)

అన్నా, ముందు ఆ గీజర్ ఎంసీబీ (మెయిన్ బోర్డులో గీజర్ లైన్‌కి ఉండే చిన్న బ్రేకర్ స్విచ్) దించేసి, రిపేరు అయ్యేదాకా ఎవరూ వెయ్యకుండా దానిమీద కాగితం అతికించండి. ఎలక్ట్రీషియన్‌ని ఆపి చాలా మంచి పని చేశారు. మీ ఇంట్లో ఇప్పుడు సరిగ్గా పని చేస్తున్నది ఆ ఆర్‌సీసీబీ ఒక్కటే. దాన్నే తీసేస్తానంటున్నాడు.

ఫేజులో వెళ్ళిన కరెంటు మొత్తం న్యూట్రల్‌లో తిరిగి రావాలి. రాలేదంటే అది గీజర్ బాడీలోకో, నీళ్ళలోకో, మనిషి ఒంట్లోకో పోతున్నట్టు. ఆ తేడాని ఆర్‌సీసీబీ పట్టుకుంటుంది. మనుషుల రక్షణకి ఇళ్ళలో వేసేది 30 మిల్లీయాంపులది, ఆ అంకె దానిమీదే రాసి ఉంటుంది. నిజానికి 15కీ 30కీ మధ్య ఎక్కడైనా పడిపోవచ్చు. మీది 2000 వాట్ల గీజర్ అయితే లాగేది దాదాపు 9 యాంపులు. అందులో 30 మిల్లీయాంపులు పక్కదారి పడితే ఎంసీబీకి తెలియను కూడా తెలియదు. ఎంసీబీ ఉన్నది వైరు కాలకుండా చూడటానికి, మనిషి కోసం కాదు. అందుకే "ఎంసీబీ ఉంది కదా సార్, చాలు" అనే మాట నమ్మకండి.

మీరు చూసుకోగలిగింది ఇది. బోర్డులో ఎంసీబీలన్నీ దించి, ఆర్‌సీసీబీ పైకి ఎత్తండి. నిలిస్తే ఒక్కొక్క ఎంసీబీ వేస్తూ రండి, గీజర్‌ది మాత్రం వెయ్యకండి. మిగతా ఇల్లంతా వేసినా ఒక రోజు పడిపోకుండా నిలిచిందంటే లీకేజీ గీజర్ లైన్‌లోనే అని దాదాపు తేలిపోయినట్టే. మామూలు ఎంసీబీ ఫేజు ఒక్కటే కోస్తుంది, న్యూట్రల్ అలాగే కలిసి ఉంటుంది. కాబట్టి గీజర్ ఎంసీబీ దించినా ఇంకా పడిపోతుంటే గీజర్ ప్లగ్గు పూర్తిగా పీకేసి మళ్ళీ చూడండి. తడి చేతులతో వద్దు, కాళ్ళకి చెప్పులు ఉండాలి.

నా అనుమానం ఎలిమెంట్ (గీజర్ లోపల నీళ్ళు కాచే కడ్డీ) మీద. ట్యాంకర్ నీళ్ళు, బోరు నీళ్ళు వాడే బిల్డింగుల్లో దానిమీద సున్నం పెంకులా పేరుకుంటుంది. వేడి బయటికి పోలేక పైగొట్టం బీటవారుతుంది, లోపలికి తేమ చేరుతుంది. చల్లగా ఉన్నప్పుడు ఊరుకుని, వేడెక్కాక లీకేజీ చూపించేవి చాలా చూశాను. దీన్ని మామూలు మల్టీమీటర్‌తో పట్టుకోలేం. 500 వోల్టుల మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటరు) పెట్టి, గీజర్ కరెంటు పూర్తిగా విప్పేసి, ఎలిమెంట్ కొసకీ బాడీకీ మధ్య చూడాలి. ఒక మెగాఓమ్ కంటే తక్కువ వస్తే ఎలిమెంట్ మార్చాల్సిందే. మెగ్గర్ లేకుండా వచ్చినవాడు "అంతా బాగానే ఉంది" అంటే ఆ మాటకి విలువ లేదు.

ప్రశ్న అడిగినవారు

చాలా థ్యాంక్స్ అన్నా. ఆ 'టి' బటన్ నొక్కి చూస్తే సరిపోతుందా? ఎర్తింగ్ బాగుందో లేదో కూడా దానితోనే తెలుస్తుందా?

జవాబు (కె.ఆర్.పురం)

తెలియదు. చాలామంది ఇక్కడే పొరపడతారు. బటన్ నొక్కితే లోపల ఉన్న చిన్న రెసిస్టెన్స్ ద్వారా కావాలని తేడా పుట్టిస్తుంది. ఆ మీట పడుతుందా లేదా అన్నంతవరకే ఆ పరీక్ష. నెలకోసారి నొక్కండి. నొక్కేముందు కంప్యూటర్లు ఆపుకోండి. నొక్కిన క్షణంలోనే పడాలి. ఇంట్లో కరెంటు ఉండి కూడా పడలేదంటే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి చూపించి మార్పించండి, ఎన్నేళ్ళుగా కదలక లోపల బిగిసిపోయి ఉండొచ్చు. సింగిల్ ఫేజు ఇంట్లో నాలుగు పోల్స్ (త్రీ ఫేజుకి వాడే) ఆర్‌సీసీబీ వేసి ఉంటే మాత్రం వైర్లు సరైన పోల్స్‌కి ఇచ్చారో లేదో ముందు చూడాలి. అది తప్పితే ఆర్‌సీసీబీ బాగున్నా బటన్ పని చెయ్యదు.

ఎర్తింగ్ సంగతి వేరు. మల్టీమీటర్‌తో గీజర్ సాకెట్‌లో ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య 230 దరిదాపుల్లో, ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య కూడా ఇంచుమించు అంతే, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య కొద్ది వోల్టులే రావాలి. ఫేజు–ఎర్త్ రీడింగ్ బాగా తక్కువ వచ్చిందంటే ఎర్త్ వైరు తెగిపోయినట్టే అనుకోండి. అలాగని రీడింగ్ బాగుంటే ఎర్తింగ్ గట్టిదని కాదు. ఒక సన్నని పోగు అతుక్కుని ఉన్నా మీటరు 230 చూపిస్తుంది. గట్టిదో కాదో ఎర్త్ టెస్టర్‌తోనే తేలాలి. ఎండాకాలం ఎర్త్ గుంత ఎండిపోతే రెసిస్టెన్స్ పెరుగుతుంది, అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌తో అక్కడ నీళ్ళు పోయించండి. సాకెట్ విప్పించినప్పుడు ఎర్త్ పిన్నుకీ న్యూట్రల్‌కీ మధ్య చిన్న వైరు ముక్క కలిపి ఉందేమో తప్పకుండా చూడమనండి. పాత ఇళ్ళలో ఆ పని చేస్తుంటారు. ఎప్పుడైనా న్యూట్రల్ తెగిందంటే గీజర్ బాడీకి నేరుగా ఫేజు వచ్చేస్తుంది.

జవాబు (వైట్‌ఫీల్డ్)

ఒక చిన్న మాట కలుపుతాను. ఇన్వర్టర్ ఉంటే దాని న్యూట్రల్‌ని ఇంటి న్యూట్రల్‌తో ఆర్‌సీసీబీ తర్వాత ఎక్కడైనా కలిపారేమో చూడండి. మా ఇంట్లో గీజర్ ఏ లోపం లేకుండా ఉన్నా దానివల్లే పడిపోతుండేది.

జవాబు (బనశంకరి, గీజర్ సర్వీసు పనిలో ఉన్నాను)

అమ్మా పాపా ఉన్న ఇల్లు అన్నారు కాబట్టి గట్టిగా చెబుతున్నాను. కరెంటు సంగతి ఎంత ముఖ్యమో ఆ క్యాప్ తీయించడం కూడా అంతే ముఖ్యం. తీయించకుండా గీజర్ వెయ్యకండి.

ఆ వాల్వు ఎందుకు కారుతుందో ముందు తెలియాలి. నీళ్ళు వేడెక్కితే సాగుతాయి. 25 లీటర్లని 25 డిగ్రీల నుంచి 60కి తీసుకెళ్తే మూడో వంతు లీటరు పైగా ఎక్కువవుతాయి. వాల్వులోనే వెనక్కి పోనివ్వని బిళ్ళ ఉంటుంది కాబట్టి ఆ నీళ్ళు పైపులోకి తిరిగి పోలేవు. ప్రెజర్ పెరిగి బొట్టుబొట్టుగా ఆ మూతి నుంచే రావాలి. గీజర్ వేసి ఉన్నంతసేపు బొట్లు పడి, ఆపాక ఆగిపోతే వాల్వు ఆరోగ్యంగా ఉన్నట్టు. రోజంతా ఆగకుండా కారితే లోపల సున్నం చేరింది, లేదా పైనుంచి వచ్చే ప్రెజర్ ఎక్కువ. ప్రతి పది మీటర్ల ఎత్తుకి దాదాపు ఒక బార్ చొప్పున పెరుగుతుంది, ప్రెజర్ పంపు ఉంటే ఇంకా ఎక్కువ. దానికి మందు ప్రెజర్ తగ్గించే వాల్వు పెట్టించడం, మూతి మూసెయ్యడం కాదు.

మూస్తే ఏమవుతుందో వినండి. గీజర్‌కి వరసగా మూడు కాపలాలు. మామూలుగా థర్మోస్టాట్ ఆపుతుంది. అది అతుక్కుపోతే థర్మల్ కటౌట్ కోస్తుంది. రెండూ తప్పితే ఆఖరిది ఈ వాల్వు, చాలావాటిలో 8 బార్ దగ్గర తెరుచుకునేలా పెడతారు. ఆ ప్రెజర్‌లో నీళ్ళు 100 డిగ్రీల దగ్గర మరగవు, 175 దాకా నీళ్ళుగానే ఉంటాయి. అప్పుడు ట్యాంకు పగిలిందంటే ఆ నీళ్ళలో కొంత భాగం ఒక్కసారిగా ఆవిరైపోతుంది. ఆ ఆవిరి వందల రెట్లు వ్యాపిస్తుంది. గోడలు కూలేది అందుకే.

మీ వాల్వు ఇన్నాళ్ళు మూసి ఉంది కాబట్టి క్యాప్ తీసి ఊరుకోకండి, కొత్తది వేయించండి. కొన్ని వందల రూపాయలే, బి.వి.కె. అయ్యంగార్ రోడ్డులో అడిగితే దొరుకుతుంది. మీ గీజర్ మీద రాసిన ప్రెజర్‌కి సరిపోయేది తీసుకోండి. దాని మూతికి సన్న పైపు తగిలించి, కిందికి వాలుగా, నేల జాలీ దాకా తెచ్చి కొస తెరిచి వదిలెయ్యమనండి. మధ్యలో ట్యాపు పెట్టకూడదు. గోడ గొడవ అక్కడితో తీరిపోతుంది. ఆ తర్వాత రెండు మూడు నెలలకోసారి, గీజర్ ఆపి నీళ్ళు చల్లారాక, వాల్వు మీద ఉన్న చిన్న పిడి ఎత్తండి. నీళ్ళు ధారగా రావాలి, వదిలితే ఆగాలి. పిడి కదలకపోయినా, వదిలాక కారుతూనే ఉన్నా మార్చెయ్యండి.

థర్మోస్టాట్‌ని దీపం చూసి కనిపెట్టొచ్చు. నీళ్ళు కాగాక ఎర్ర దీపం ఆరిపోవాలి. ఎంతసేపైనా ఆరకుండా, ట్యాపు తిప్పితే బుస్సుబుస్సుమంటూ ఆవిరి వస్తే వెంటనే ఎంసీబీ దించండి. కటౌట్ బటన్ బయటికి వచ్చి ఉంటే ఊరికే నొక్కి వాడుకోవద్దు, ఎందుకు వచ్చిందో చూపించండి.

ప్రశ్న అడిగినవారు (తర్వాత)

అందరికీ ధన్యవాదాలు. గీజర్ ప్లగ్గు పీకితే ఆర్‌సీసీబీ అస్సలు పడలేదు. మెగ్గర్ ఉన్న ఎలక్ట్రీషియన్‌ని వెతికి తెచ్చాను. ఎలిమెంట్‌కి అర మెగాఓమ్ కూడా రాలేదు. బయటికి తీస్తే బొటనవేలంత మందాన సున్నం, దాని కింద నిలువునా చీలిక. ఎలిమెంట్, వాల్వు రెండూ మార్పించాం, పైపు జాలీ దాకా వేశారు. సాకెట్‌లో ఎర్త్ వైరు ఉంది కానీ స్క్రూ వదులుగా ఉంటే బిగించారు. బిల్లూ ఆ ఎలిమెంట్ ఫొటో ఓనర్‌కి పంపితే అద్దెలో తగ్గించుకోమన్నారు. పై ఫ్లోర్ వాళ్ళ గీజర్‌కి కూడా అలాంటి క్యాపే ఉందట, రేపు అదే మనిషి వస్తున్నాడు.

జవాబు (బనశంకరి)

చాలా సంతోషం. ఆ సున్నం చూస్తే ట్యాంకు బదులు తాను అరిగే మెగ్నీషియం కడ్డీ కూడా అరిగిపోయి ఉండొచ్చు. రేపు ఆయన వచ్చినప్పుడు అది కూడా విప్పి చూపించమనండి. తీగ మాత్రమే మిగిలి ఉంటే మార్పించండి, లేకపోతే తర్వాత తుప్పు పట్టేది ట్యాంకే.