ఇటలీ పాత ఊళ్ళు రైల్లో, స్టూడెంట్ బడ్జెట్‌లో: వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి

కొల్లేటి కొంగ:
ఏప్రిల్‌లో జర్మనీలోని మ్యూనిక్ నుంచి వెరోనా మీదుగా వెనిస్, తర్వాత ఫ్లోరెన్స్, రోమ్, నేపుల్స్ వెళ్దామనుకుంటున్నాను. అన్నీ రైళ్ళే. పడక, తిండి, టికెట్లు కలిపి రోజుకు 60 యూరోలు దాటకూడదు. చాలా రైళ్ళకు ఒకే టికెట్‌లా పనిచేసే ఇంటర్‌రైల్ పాస్ కొనాలా, విడి టికెట్లా? వెనిస్‌లో ఉండాలా, పక్కనున్న మెస్త్రేలోనా? నేపుల్స్‌లో హాస్టల్ ఎటువైపు తీసుకుంటే మంచిది? నేను గుడ్డు కూడా తినను. మ్యూజియంలలో స్టూడెంట్ డిస్కౌంట్ ఉందంటున్నారు, నిజమేనా?

బ్రెన్నర్ బాబాయి:
తమ్ముడూ, ఆ దారిలో ఏళ్ళ తరబడి తిరుగుతున్నవాణ్ణి, నా మాట విను. నీ నివాసం జర్మనీలో కాబట్టి నీకు వచ్చేది ఇంటర్‌రైలే, యూరప్ బయట ఉండేవాళ్ళ యూరైల్ కాదు. పాస్‌పోర్టు ఇండియాదైనా అంతే. కానీ ఇటలీ ఒక్కదానికే అయితే పాస్ దండగ. ఫ్రెచ్చారోస్సా అనే ఫాస్ట్ రైలు ఎక్కాలంటే పాస్ ఉన్నా సీటు రిజర్వేషన్‌కు విడిగా కట్టాలి. ఇటాలో అనే ప్రైవేటు ఫాస్ట్ రైళ్ళలో పాస్ అసలు చెల్లదు. రెజొనాలె అనే ప్రాంతీయ రైళ్ళ ధర దూరాన్ని బట్టి ఉంటుంది, అదే రోజు కొన్నా పెరగదు. ఫాస్ట్ రైలు ఒకటో రెండో ముందుగా బుక్ చేసుకో, మిగతావన్నీ రెజొనాలెలో లాగించెయ్. ఇక డిస్కౌంటంటావా, స్టూడెంట్ కార్డు చూపిస్తే ఇస్తారు, టెన్షన్ పడకు.

పడోవా పిల్ల:
వెనిస్‌లో ఎక్కి నేరుగా ఫ్లోరెన్స్‌లో దిగుతానంటే నాకు నిజంగా కోపం వస్తుంది. వెనిస్ నుంచి బొలోన్యా వెళ్ళే రెజొనాలె దారిలోనే పడోవా, ఫెర్రారా ఉన్నాయి. పడోవాలో స్క్రోవెన్యి చాపెల్ అనే చిన్న చర్చి చూడకుండా ఇటలీ బొమ్మల గురించి ఏం మాట్లాడతాం? చిత్రకారుడు జొత్తో ఆ గోడల మీది బొమ్మలు పూర్తిచేసింది 1305 ప్రాంతంలో. లోపలి గాలిలో తేమ పెరగకుండా ముందు మనల్ని ఒక గదిలో కాసేపు కూర్చోబెట్టి, తర్వాతే పంపిస్తారు. ముందే బుక్ చేసుకోవాలి. 1222లో మొదలైన మా యూనివర్సిటీలో గెలీలియో 1592 నుంచి 1610 దాకా పాఠాలు చెప్పాడు. నువ్వు పడోవాలోనే ఉండు, వెనిస్‌కు అరగంట, మహా అయితే ముప్పావుగంట. ఒక్క సంగతి, ఏప్రిల్ నుంచి జూలై దాకా కొన్ని తేదీల్లో పగటిపూట వెనిస్ వచ్చిపోయేవాళ్ళు ప్రవేశ రుసుము కట్టాలి. ముందే కడితే 5 యూరోలు, ఆఖరి నిమిషంలో అయితే 10. మెస్త్రే వెనిస్ మునిసిపాలిటీ కిందే ఉంది కాబట్టి అక్కడ రాత్రి ఉండేవాళ్ళకు ఇది పడదు, కానీ ఆన్‌లైన్‌లో మినహాయింపు కోడ్ తీసుకోవాలి.

చార్మినార్ ఎక్స్‌ప్రెస్:
బాబాయ్, డిస్కౌంట్ ఇస్తారని దయచేసి చెప్పకండి. 18 నుంచి 25 ఏళ్ళవాళ్ళకు 2 యూరోలు అన్నది ప్రభుత్వ మ్యూజియంలలో యూరోపియన్ యూనియన్ పౌరులకు. మనకు కాదు. ఫ్లోరెన్స్‌లో ఉఫీజీ మ్యూజియం ముందు నేనూ నా పోలండ్ క్లాస్‌మేటూ ఒకే లైన్లో నిలబడ్డాం. ఒకే యూనివర్సిటీ, ఒకే కార్డు. వాడికి 2 యూరోలు, నాకు 25. ఆ రాత్రి నేను బ్రెడ్డు తిని పడుకున్నాను.

బ్రెన్నర్ బాబాయి:
నువ్వు గట్టిగా అడిగి ఉండవు. నాకు రోమ్‌లో కార్డు చూపించగానే తగ్గించారు.

చార్మినార్ ఎక్స్‌ప్రెస్:
గట్టిగా అడిగితే రూల్ మారుతుందా? రోమ్‌లో ఎక్కడ తగ్గించారో పేరు చెప్పండి.

బ్రెన్నర్ బాబాయి:
వాటికన్ మ్యూజియంలలో.

చార్మినార్ ఎక్స్‌ప్రెస్:
అన్నా, వాటికన్ వేరే దేశం! వాళ్ళ రూల్ వాళ్ళది, 25 ఏళ్ళలోపు స్టూడెంట్లు ఎవరికైనా తగ్గిస్తారు. అది చూసి కొలోసియంలోనూ ఇస్తారని చెబితే, రేపు ఈ అబ్బాయి కౌంటర్ దగ్గర 18 యూరోలు పెట్టుకోవాలి. ఇది 60 యూరోల బడ్జెట్ అండీ.

బ్రెన్నర్ బాబాయి:
వాటికన్ రోమ్ మధ్యలోనే ఉంది. రోమ్ అని చెప్పడంలో తప్పేముంది? సాయం చేద్దామని వస్తే మీద పడతారేంటి?

రాతి పని:
ఇద్దరూ ఆగండి. ఇంకో రూల్ ఉంది, అది చాలామందికి తెలియదు. యూరోపియన్ యూనియన్ యూనివర్సిటీల్లో ఆర్కిటెక్చర్, కట్టడాల సంరక్షణ, పురావస్తు శాస్త్రం, కళా చరిత్ర చదివేవాళ్ళకు ఇటలీ ప్రభుత్వ మ్యూజియంలలో ప్రవేశం ఉచితం. ఇక్కడ పాస్‌పోర్టుతో పని లేదు, చదువుతో పని. నేను ఆర్కిటెక్చర్ మాస్టర్స్. ఆ ఏడాది అడ్మిషన్ సర్టిఫికెట్ ప్రింట్ తీసుకుని ఉఫీజీ, కొలోసియం, పాంపేయి శిథిలాలు అన్నిటికీ ఉచితంగానే వెళ్ళాను. ఫ్లోరెన్స్ కేథడ్రల్ మీది బ్రునెలెస్కి గుమ్మటానికి మాత్రం డబ్బు కట్టాను, అది ప్రభుత్వానిది కాదు. 463 మెట్లెక్కి రెండు పొరల మధ్య నుంచి పైకి వెళ్తుంటే, 1420లో మొదలుపెట్టి నేల నుంచి ఊతం లేకుండా ఇంత గుమ్మటం ఎలా లేపారో ఇటుకల వరసలే చెబుతాయి. నేను కట్టిన ప్రతి సెంటుకూ విలువ దక్కింది.

చార్మినార్ ఎక్స్‌ప్రెస్:
మీకు మంచిదే అక్కా. మేం మెకానికల్. మాకు మిగిలింది నెలలో మొదటి ఆదివారమే. ఆ రోజు ప్రభుత్వ మ్యూజియంలు అందరికీ ఉచితం. లైను మాత్రం పొద్దున్నే పట్టుకోవాలి.

గుంటూరు గోంగూర:
తిండి గురించి ఎవరూ చెప్పలేదు. బొలోన్యా, రవెన్నా వైపు పియదీనా అని రొట్టె అమ్ముతారు. లోపల చీజూ కూరగాయలే ఉన్నా, పిండిలో పంది కొవ్వు కలపడం అక్కడి పాత పద్ధతి. నూనెతో చేసిందేనా అని అడిగి కొనండి. పర్మిజానో చీజ్‌లో పాలను విరగ్గొట్టడానికి దూడ కడుపు నుంచి తీసిన రెన్నెట్ ఉంటుంది, పట్టింపు ఉన్నవాళ్ళు చూసుకోవాలి. మరినారా పిజ్జాలో టమాటా, వెల్లుల్లి, నూనె, ఒరేగానోనే. చీజ్ ఉండదు, సాధారణంగా అన్నిటికన్నా చవక. కాఫీ నిలబడి తాగితే ఒక ధర, చాలాచోట్ల టేబుల్ దగ్గర కూర్చుంటే ఇంకో ధర. రోమ్‌లో వీధి కుళాయిల నీళ్ళు తాగొచ్చు, సీసా కొనక్కర్లేదు.

బెజవాడ బండి:
అసలు విషయం ఎవరూ ఎత్తడం లేదు. రెజొనాలె కాగితం టికెట్‌ను రైలెక్కే ముందు ప్లాట్‌ఫాం మీది మెషీన్‌లో స్టాంపు వేయించాలి. ఫోన్లో కొన్న రెజొనాలె టికెట్‌కు చెక్-ఇన్ నొక్కాలి. చిన్న స్టేషన్‌లో మెషీన్ పనిచేయకపోతే తేదీ, టైము పెన్నుతో రాసి, ఎక్కగానే నేనే టీసీ దగ్గరికి వెళ్ళి చెప్పాను. అయినా ఫైన్ వేశాడు. దిగాక రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టాను. డబ్బు వెనక్కొచ్చేదాకా వదల్లేదు.

పడోవా పిల్ల:
పియదీనా అన్నారు కదా, రవెన్నా గుర్తొచ్చింది. బొలోన్యా నుంచి రెజొనాలెలో గంట పైచిలుకు. పీసాలో గోపురాన్ని చేత్తో మోస్తున్నట్టు ఫోటో కోసం పూట పాడుచేసుకునే బదులు రవెన్నా వెళ్ళండి. సాన్ వితాలే చర్చిలో బైజాంటైన్ చక్రవర్తి జస్టీనియన్, ఆయన రాణి థియొడోరాల మొజాయిక్‌లు 6వ శతాబ్దానివి. బంగారు రంగు గాజు ముక్కలను కొద్దికొద్ది వాలుతో అద్దారు, మనం కదిలితే వెలుగూ కదులుతుంది. కవి డాంటే సమాధి కూడా రవెన్నాలోనే, చూడ్డానికి ఉచితం.

రాతి పని:
పీసాను అలా తీసిపారేయకండి. 1173లో మొదలైన గోపురం, మెత్తటి నేల వల్ల కట్టేటప్పుడే ఒరిగింది. 1990లో మూసి, ఎత్తుగా ఉన్న వైపు పునాది కింది మట్టిని కొంచెంకొంచెంగా తీసి నిలబెట్టారు. 2001లో తెరిచారు. ఇంజినీరింగ్ చదివేవాళ్ళు చూడాల్సిందే. పీసా సాన్ రొస్సోరె స్టేషన్‌లో దిగితే గోపురానికి నడక దూరమే.

కొల్లేటి కొంగ:
అందరికీ థాంక్స్. పాస్ కొనడం లేదు. మూడు రాత్రులు పడోవాలోనే, రవెన్నా కూడా కలిపాను. నేపుల్స్ హాస్టల్ సంగతి?

బ్రెన్నర్ బాబాయి:
నేపుల్స్ తర్వాత. ముందు సమ్మెల తేదీలు చూసుకో. రైలు సమ్మెలు ముందే ప్రకటిస్తారు. పని దినాల్లో ఉదయం 6 నుంచి 9, సాయంత్రం 6 నుంచి 9 మధ్య కొన్ని రెజొనాలెలు తప్పకుండా నడపాలని నిబంధన. ఆ వేళలకే ప్రయాణం పెట్టుకో.

చార్మినార్ ఎక్స్‌ప్రెస్:
ఇది మాత్రం బాబాయి సరిగ్గా చెప్పారు. శుక్రవారం రోమ్ టికెట్ ఉంటే మార్చుకో తమ్ముడూ, సమ్మెలు ఎక్కువగా ఆ రోజే పెడుతుంటారు.

గుంటూరు గోంగూర:
నేపుల్స్‌లో సెంట్రాలె స్టేషన్‌కు నడిచే దూరంలో, చెంత్రో స్తోరికో, అంటే పాత ఊరి వైపు చూడు. పాంపేయి వెళ్ళే చిర్కుంవెజువియానా రైలు ఆ స్టేషన్ కింద నుంచే. పాంపేయి స్కావి దగ్గర దిగాలి. రైలు కిక్కిరిసి ఉంటుంది, బ్యాగు ముందుకు తగిలించుకో. పాంపేయి టికెట్ మీద పేరుంటుంది, రోజుకు 20,000 మందినే వదులుతున్నారు, పాస్‌పోర్టు మర్చిపోకు.