పైకామా ఎస్‌కి ముందా, వెనకా?

బ్రాడీపేట: సెప్టెంబరు 5కి ఫ్లెక్సీ. ‘టీచర్స్ డే’లో అపాస్ట్రఫీ, అదే పైకామా, ఎక్కడ? బళ్లో నేర్పిన సూత్రం సగమే నోట్లో ఆడుతోంది: ‘బహువచనమైతే ఎస్ దాటాక...’ మిగతా సగం ఎవరికైనా గుర్తుందా? సాయంత్రానికి ప్రూఫు ఓకే చెప్పాలి.

గవర్నర్‌పేట డీటీపీ: ‘...ఎస్ లేని బహువచనమైతే ముందే.’ విమెన్, చిల్డ్రన్ అప్పటికే బహువచనాలు. వాటికి ఎప్పుడూ కామా పెట్టాకే ఎస్. టీచర్లు చాలామంది కాబట్టి మీకు ఎస్ దాటాక. అసలు రోత ఇక్కడ కాదండీ, టిఫిన్స్, మీల్స్, ఎమ్మెల్యేస్ దగ్గర. ఉత్త బహువచనానికి ఆ తోక దేనికి? ఇంగ్లండులో దీనికి కూరగాయల కొట్టు అపాస్ట్రఫీ అని పేరే పడింది.

తెనాలి: అంత ధీమా వద్దు. షష్ఠీ తత్పురుషంలో విభక్తి లోపిస్తుంది. బ్రాడీపేట అంటాం గాని బ్రాడీ యొక్క పేట అంటామా? టీచర్స్ డే కూడా సమాసమే, కామా అక్కర్లేదు. బర్మింగ్‌హామ్ నగరపాలక సంస్థ 2009లో వీధి బోర్డుల మీద దాన్ని ఎత్తేసింది.

గవర్నర్‌పేట డీటీపీ: మరి చిల్డ్రన్స్ పార్కులో ఎస్ ఎక్కణ్ణుంచి ఊడిపడింది? అది బహువచనం ఎస్ కాదుగా. మీ సమాసం అక్కడ చెల్లదు.

అరండల్‌పేట: ఆ ఎస్ ‘హిజ్’కి పొట్టి రూపం. కింగ్ హిజ్ క్రౌన్, కింగ్స్ క్రౌన్.

కొత్తపేట: పాత పుకారు. అదే నిజమైతే క్వీన్‌కి ‘హిజ్’ ఎలా అతికింది? పాత ఇంగ్లీషులో షష్ఠికి ‘ఎస్’ అనే ప్రత్యయం ఉండేది, ఈ-ఎస్ రెండక్షరాలు. ఈ రాలిపోయింది, కామా దాని గుర్తు. పోయిన అక్షరానికి గుర్తంటే మన అరసున్నే కదా! ఏఁడు అంటే సంవత్సరం, తమిళంలో యాండు. ఏడు అంటే అంకె, అందులో పోయిందేమీ లేదు. ‘ఇట్స్’ గొడవా ఇంతే: ‘ఇట్ ఈజ్’, ‘ఇట్ హాజ్’ అని విడదీసి చదివితే అతికిందా, కామా పెట్టు. అతకలేదా, తీసెయ్. హిజ్, హర్స్, యువర్స్ వేటికీ లేనిది దీనికెందుకు?

తెనాలి: అరసున్న పోయిన అక్షరం కాదు మాస్టారూ, తేలికపడ్డ సున్న. పోతన గజేంద్రుడి నోట ‘కలఁడు కలం డనెడివాఁడు కలఁడో లేఁడో’. ఒకే మాట, పక్కపక్కనే, ఒకచోట అర, ఒకచోట నిండు. పోయినదైతే తిరిగొస్తుందా?

కొత్తపేట: ఛందస్సు రప్పించింది. కందం నాలుగో పాదం: కలఁడుక నలం, లండనె భగణం, డివాఁడు జగణం, కలఁడో సగణం, లేఁడో గగం. ‘కలం’లో అరసున్న పెట్టి చూడండి. అరసున్నకు గురువు రాదు గనక రెండో గణం లఁడనెడి అవుతుంది. మూడో పాదంతో కలిపి లెక్కిస్తే, జగణమో నలమో ఉండాల్సిన ఆరో గణంలో వాఁడుక అని భగణం కూర్చుంటుంది. పాదం ఒక మాత్ర తరుగు. ఇంగ్లీషు కవులు ‘ఓవర్’ మధ్య వి మింగి కామా పెట్టి ఒక్క అక్షరం చేసేది ఈ లెక్క కోసమే. వాళ్లు తగ్గించారు, పోతన పెంచాడు.

తెనాలి: గణాలు సరే. నిండుసున్న పలికేటప్పుడు ‘ఉన్నాడు’ అని గట్టిగా నమ్మేవాళ్ల గొంతు వినిపిస్తుంది, ‘కలఁడో’ దగ్గర సన్నగిల్లుతుంది. కందం కోసమే అయితే వేరే మాట దొరకదా ఆయనకి?

గవర్నర్‌పేట డీటీపీ: ఫ్లెక్సీ వాళ్లకి ఒక్క ముక్క. ‘రాక్ అండ్ రోల్’లో అండ్‌ని ఉత్త ఎన్ చేస్తే ఇరుపక్కలా కామాలు, ముందు ఏ పోయింది, వెనక డి పోయింది. వర్డ్ మొదటిదాన్ని ఆరంకెలా తిప్పేస్తుంది, రెండూ తొమ్మిదంకెలా ఉండాలి. కంట్రోల్ పట్టుకుని పైకామా మీట, వదిలి మళ్లీ అదే మీట. లేదా నమ్‌లాక్ వేసి, ఆల్ట్ పట్టుకుని పక్క అంకెల మీద 0146. తెలుగు ఫాంటులో ఉండగా కొట్టొద్దు, ఇంకేదో గుణింతం పడుతుంది.

బ్రాడీపేట: ప్రూఫు వచ్చింది. కామా సరిగ్గా ఎస్ నెత్తి మీద పెట్టాడు. ముందుకి జరపమనాలా, వెనక్కా?

కొత్తపేట: తెనాలివారూ, ఆ గొంతు సిద్ధాంతం ‘లేఁడో’ దగ్గర నిలవదు. దీర్ఘం మీద సాధ్యపూర్ణం, అంటే వ్యాకరణ సూత్రం వల్ల వచ్చే నిండుసున్న, లేదని చిన్నయసూరి. అక్కడ నిండుసున్న పెడదామన్నా కుదరదు, ఇక సన్నగిల్లడమేమిటి?

తెనాలి: పోతన రాసిన నాలుగు వందల ఏళ్లకు చిన్నయసూరి.