నాలుగు లక్షలలో పాత ట్రాక్టర్, ట్రాలీ: కొనే ముందు ఏమి చూడాలి?

పరకాల, రైతు:
మాకు ఏడెకరాల భూమి ఉన్నది. నాలుగెకరాలలో వరి, మిగిలిన దానిలో పత్తి వేస్తాము. దున్నకానికీ, పంటను ఏనుమాముల మార్కెట్‌కు చేర్చడానికీ ఇంతకాలం కిరాయి బండ్ల మీదనే ఆధారపడ్డాము. కోతల సమయంలో ఊరందరికీ ఒకేసారి బండి కావలసి రావడంతో, మబ్బులు కమ్ముకొస్తున్నా కల్లంలోని వడ్లు కదలని పరిస్థితి వస్తున్నది. అందుకని ట్రాక్టర్, ట్రాలీ రెండూ కలిపి నాలుగు లక్షల రూపాయలలో కొనాలని నిర్ణయించాము. అప్పు తీసుకునే ఉద్దేశం లేదు. 40 హెచ్‌పీకి అటూ ఇటూ ఉండే మహీంద్రా 475, స్వరాజ్ 735, మాస్సీ 241 బండ్లను చూస్తున్నాము. ఏమి పరీక్షించాలో, ట్రాలీకి ఎంత పక్కన పెట్టుకోవాలో అనుభవం ఉన్నవారు తెలుపగలరు.

నర్సంపేట, ట్రాక్టర్ మెకానిక్:
మీరు చెప్పిన మూడింటికీ మన వైపు సామాను, పని తెలిసిన మేస్త్రీలు దొరుకుతారు కనుక కంపెనీ గురించి ఎక్కువ ఆలోచించవద్దు. ఆ బండి ఇంతకుముందు ఏ పని చేసిందో తెలుసుకోండి. గంటల మీటరును నమ్మలేము, ఎందుకంటే దాని వైరు తీసివేసి నడిపిన బండ్లు చాలా ఉంటాయి. దానికి బదులు వెనుక ఉండే, పనిముట్లను తిప్పే పీటీవో షాఫ్ట్ పళ్లను చూడండి. అవి అరిగి పదునుగా మారితే బండి రోటావేటర్‌తో (మట్టిని తిప్పి గుల్ల చేసే పనిముట్టు) విపరీతంగా పని చేసిందని అర్థం. ట్రాలీ తగిలించే హుక్కు రంధ్రం గుండ్రంగా కాకుండా కోలగా సాగి ఉంటే, ఇసుకో ఇటుకో రాయో, బరువైన లోడ్లు ఏళ్ల తరబడి లాగిందని అర్థం.

బండిని తెల్లవారుజామున చూడడానికి వెళ్లండి. మీరు వచ్చేవరకు స్టార్ట్ చేయవద్దని ముందే చెప్పి, చేరుకోగానే ఇంజన్ మీద చేయి పెట్టి చల్లగా ఉన్నదో లేదో చూడండి. వేడి ఇంజన్ ఎవరికైనా ఒక్క సెల్ఫ్‌తో అందుకుంటుంది, అసలు సంగతి చల్లటి ఇంజన్ దగ్గరే తెలుస్తుంది. స్టార్ట్ అయిన తరువాత నీలం రంగు పొగ ఆగకుండా వస్తున్నా, ఇంజన్ ఆయిల్ పోసే మూత తీసినప్పుడు అక్కడి నుంచి గాలి, పొగ ఎగదన్నుతున్నా, పిస్టన్ రింగులు, లైనర్లు అరిగినట్లే. అటువంటి బండికి ఇంజన్ పని ఖర్చు కూడా కలుపుకొనే బేరం చేయాలి. గేజి కడ్డీకి అంటిన ఆయిల్ పాలలా తెల్లబడి ఉన్నా, రేడియేటర్ నీళ్ల మీద నూనె తేలుతున్నా ఆ బండిని వదిలివేయండి.

క్లచ్ చూడడానికి పై గేరులో వేసి, బ్రేకు గట్టిగా తొక్కి, క్లచ్‌ను మెల్లగా వదలండి. ఇంజన్ ఆగిపోవాలి, ఆగకుండా తిరుగుతూనే ఉంటే క్లచ్ ప్లేటు అయిపోయింది. పనిముట్లను ఎత్తే హైడ్రాలిక్‌కు కల్టివేటర్ తగిలించి పైకి లేపి, ఇంజన్ ఆపి కాసేపు గమనించండి. వెంటనే కిందికి జారిపోతే లోపల సీళ్లు పోయాయి. కేజీవీల్స్‌తో (ఇనుప చక్రాలతో) బురద పొలంలో తిరిగిన బండ్లకు ఇరుసు సీళ్ల దగ్గర నుంచి మట్టి, నీరు లోపలికి వెళ్తాయి కనుక వెనుక చక్రాల లోపలి వైపు నూనె కారిన మరకలను తప్పక చూడాలి.

జమ్మికుంట, పత్తి రైతు:
మెకానిక్ గారు ట్రాక్టర్ సంగతి చెప్పారు కనుక నేను ట్రాలీ గురించి చెప్తాను. మన రైతులు డబ్బంతా ట్రాక్టర్‌కే పెట్టి, చివరలో మిగిలిన దానికి ఏదో ఒక ట్రాలీని బేరం చేస్తారు. కాని నాలుగు టన్నుల వడ్లతో దిగుడు రోడ్డు మీద వెళ్లేటప్పుడు మన ప్రాణం ఆ ట్రాలీ హుక్కు, పిన్ను, వెల్డింగుల మీదనే ఆధారపడి ఉంటుంది. రంగు కొత్తగా వేసి ఉంటే మరింత అనుమానించండి. ట్రాలీ ముందు వైపు దూలం ఛాసిస్‌కు (అడుగు చట్రానికి) అతికిన చోట, కమాన్ పట్టాలు బిగించిన చోట గీరి చూసి పగుళ్లున్నాయేమో చూడాలి. ప్రతి చక్రాన్నీ జాకీతో లేపి, పట్టుకుని ఊపితే బేరింగు వదులుగా ఉన్నదా అన్నది తెలుస్తుంది.

రెండు చక్రాల ట్రాలీ చౌకగా దొరుకుతుంది, ఇరుకు దారిలో వెనుకకు తిప్పడం సులువు. అయితే దాని బరువులో కొంత భాగం ట్రాక్టర్ వెనుక భాగం మీద పడుతుంది. లోడును ముందు వైపుకు ఎక్కువ నింపితే ఎగువ ఎక్కేటప్పుడు ట్రాక్టర్ ముందు చక్రాలు తేలి, స్టీరింగు పట్టు తప్పుతుంది. పత్తి బస్తాలు, వడ్లు దూరం తీసుకుపోయేవారికి నాలుగు చక్రాల ట్రాలీయే మేలని నా అభిప్రాయం. చాలా ట్రాలీలకు సొంత బ్రేకులు ఉండవు, మొత్తం బరువును ట్రాక్టర్ బ్రేకులే ఆపాలి. అందువల్ల రోడ్డెక్కే ముందు ట్రాక్టర్ రెండు బ్రేకు పెడళ్లను కలిపి లాక్ చేయడం మరువవద్దు. విడిగా ఉన్న పెడల్‌ను ఒక్కదానినే తొక్కితే బండి ఒక పక్కకు లాగి ట్రాలీ అడ్డం తిరుగుతుంది.

హనుమకొండ, వాహన కాగితాల పని చేసే వ్యక్తి:
ట్రాక్టర్‌కు ఒక రిజిస్ట్రేషన్, ట్రాలీకి మరొక రిజిస్ట్రేషన్ ఉంటుంది. రెండు ఆర్‌సీలూ (రిజిస్ట్రేషన్ పత్రాలు) చేతికి వచ్చిన తరువాతే పూర్తి డబ్బు ఇవ్వండి. ఛాసిస్, ఇంజన్ నంబర్లను ఆర్‌సీతో మీరే స్వయంగా పోల్చి చూడండి. పేరు మార్పిడికి ఫారం 29, ఫారం 30 కావాలి. ఆర్‌సీ మీద ఫైనాన్స్ ఉంటే, అప్పు తీరిందని ఇచ్చిన పత్రంతో పాటు ఫారం 35 కూడా ఉండాలి. ఆర్‌సీ మరణించిన తండ్రి పేరున ఉండి కొడుకు అమ్ముతున్న సందర్భాలు పల్లెల్లో చాలా ఉంటాయి. అప్పుడు ముందుగా ఫారం 31 ద్వారా వారసుని పేరుకు మార్పించి, ఆ తరువాతే కొనుగోలు జరపాలి. కొన్నవారు 30 రోజులలోగా పేరు మార్పిడి కోరాలని మోటారు వాహనాల చట్టం చెప్తున్నది.

ములుగు, రైతు:
వాగుల పక్క ఊళ్లలో కొంటే ఆ బండి ఇసుక రవాణాలో పట్టుబడిందా, వాల్టా (నీరు, భూమి, చెట్ల రక్షణ) చట్టం కింద కేసు ఉన్నదా అని తహసీల్దార్ కార్యాలయంలోనూ, పోలీసు స్టేషన్‌లోనూ విచారించండి. ఇంకొక మాట కూడా చెప్పాలి. మా వైపు మేడారం జాతరకు ట్రాలీపై టార్పాలిన్ కట్టుకుని, వంట సామానుతో ఇంటిల్లిపాదీ వెళ్లి అక్కడే బస చేయడం ఆనవాయితీ. మిర్చి ఏరడానికి ఆడకూలీలను కూడా ట్రాలీలోనే తీసుకుపోతారు. వ్యవసాయ ట్రాలీ సరుకు కోసమే ఉన్నది, మనుషుల కోసం కాదు. అది బోల్తా పడితే సాధారణ బీమా పాలసీ ఆ కూలీలకు రక్షణ ఇవ్వదు. ఆ తల్లులను ఎక్కించుకోకుండా ఉండడం మన బాధ్యత. పాలసీలో ట్రాలీ నంబరు కూడా చేర్పించండి.

పరకాల, రైతు:
అందరికీ కృతజ్ఞతలు. ఏపీ 36 నంబరు గల మహీంద్రా 475 ఒకటి చూశాను. ఉదయం చల్లటి ఇంజన్ బాగానే అందుకున్నది. హైడ్రాలిక్ మెల్లగా జారుతున్నది, వెనుక టైర్లు అరిగాయి. ట్రాలీతో కలిపి 3,60,000 అడుగుతున్నారు, కాని ట్రాలీని స్థానిక వెల్డింగ్ షాపులో చేయించారట, దానికి నంబరు లేదు.

హనుమకొండ, వాహన కాగితాల పని చేసే వ్యక్తి:
ఏపీ 36 అంటే 2014 జూన్‌కు ముందు రిజిస్టర్ అయిన బండి. రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకే ఉంటుంది, తరువాత తనిఖీ చేయించి ఐదేళ్లకొకసారి పొడిగించుకోవాలి. గడువు తేదీ చూసి, ఆ ఖర్చును ధరలో తగ్గించమనండి. బిల్లు, తయారీదారు పత్రాలు లేని ట్రాలీకి తరువాత నంబరు తెప్పించడం చాలా కష్టం కనుక దానిని తీసుకోకండి.

నర్సంపేట, ట్రాక్టర్ మెకానిక్:
హైడ్రాలిక్ మెల్లగా జారడం ఈ వయసు బండికి మామూలే, దాని కోసం బండిని వదులుకోనక్కరలేదు. వెనుక టైర్ల జత మాత్రం పెద్ద ఖర్చు, దానిని ముందే లెక్కలో వేసుకోండి.

జమ్మికుంట, పత్తి రైతు:
2025 సెప్టెంబర్ 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి, ట్రాక్టర్ టైర్ల మీద 18 నుంచి 5 శాతానికి తగ్గింది. కొత్త బండ్ల ధర దిగినప్పుడు పాతవాటి ధర కూడా దిగాలని గట్టిగా అడగండి. నా లెక్కలో ట్రాలీ లేకుండా ఆ ట్రాక్టర్‌కు రెండున్నర లక్షలు దాటి ఇవ్వకూడదు. నంబరు ఉన్న పాత ట్రాలీకి లక్ష పక్కన పెట్టండి, మిగిలినది టైర్లకు, సీళ్లకు, కాగితాలకు సరిపోతుంది.

పరకాల, రైతు:
ట్రాలీ వద్దని, ట్రాక్టర్ ఒక్కదానికే ధర చెప్పమని అమ్మేవారిని అడిగాను, రెండు రోజుల్లో చెప్తామన్నారు. హుజూరాబాద్, కేసముద్రం వైపు ఆర్‌సీ ఉన్న నాలుగు చక్రాల ట్రాలీ అమ్మేవారు ఎవరైనా తెలిస్తే ఇక్కడ రాయగలరు. ముందు దూలం దగ్గరి వెల్డింగు చూడకుండా మాత్రం బయానా ఇవ్వను.