హోంవర్క్ దగ్గర అమ్మానాన్నలు కూర్చోవాలా? కూర్చుంటే ఏ తరగతి దాకా?

రెండోబెంచీ

బడులు తెరిచినప్పుడల్లా ఈ ప్రశ్న వస్తూనే ఉంది కాబట్టి దీనికి విడిగా ఒక చర్చ పెడుతున్నాను. కూర్చోవాలనేవాళ్ల వాదన: క్లాసులో అంతమంది మధ్య టీచర్ ఒక్కొక్కరినీ చూడలేరు, ఇంట్లో పట్టించుకోకపోతే పిల్లలు వెనకబడిపోతారు. వద్దనేవాళ్ల వాదన: పక్కన మనిషి ఉంటే తప్ప పుస్తకం తెరవని అలవాటు పడుతుంది, ఇంటర్‌లో హాస్టల్‌కి వెళ్లేసరికి చేతులెత్తేస్తారు.

నేను వద్దనే వైపు. 2014లో రాబిన్సన్, హారిస్ అనే ఇద్దరు సామాజిక శాస్త్రవేత్తలు అమెరికాలో ఏళ్ల తరబడి జరిగిన సర్వేలు పరిశీలించారు. హోంవర్క్‌లో తల్లిదండ్రులు సాయం చేయడానికీ పిల్లల మార్కులు పెరగడానికీ చాలావరకు సంబంధం కనపడలేదు. కొన్నిచోట్ల తగ్గడమే కనపడింది. మన కేంద్రం తెచ్చిన 2020 స్కూల్ బ్యాగ్ పాలసీ అయితే రెండో తరగతి దాకా హోంవర్కే వద్దంటోంది. ఇవ్వకూడని పని పిల్లలకి ఇచ్చి, దానికి కాపలాగా అమ్మని కూర్చోబెడుతున్నాం.

ఒప్పుకోనివాళ్లు ఏ తరగతిలో, ఏ పనికి, ఎంతసేపు కూర్చోవాలో చెప్పండి. "శ్రద్ధ పెట్టాలి" అని వదిలేయకండి.

కొత్తపలక

ఆ అధ్యయనాన్ని మీరు కాస్త తొందరపడి చదివారు. వెనకబడిన పిల్లల దగ్గరే తల్లిదండ్రులు ఎక్కువసేపు కూర్చుంటారు. మందులు మింగేవాళ్లలోనే జబ్బులు ఎక్కువ కనపడుతున్నాయి కాబట్టి మందులు మానేయమన్నట్టుంది మీ వాదన.

హోంవర్క్ సంగతి మాత్రం మీరన్నదే నిజం. ఒకటి, రెండు తరగతుల్లో కూర్చోవాల్సింది హోంవర్క్ దగ్గర కాదు, చదివించడానికి. రోజుకి 15 నిమిషాలు చాలు, కానీ రోజూ ఉండాలి.

ముందు ఒక పరీక్ష పెట్టి చూడండి. క గుణింతం పాటలా అప్పజెప్పే పిల్లకి మధ్యలో ఒక అక్షరం మీద వేలు పెట్టి "ఇదేంటి?" అని అడగండి. చాలామంది "క, కా, కి, కీ" అని మొదటినుంచి లెక్కపెట్టుకుంటూ వస్తారు. వాళ్లకి వరుస వచ్చింది, అక్షరం రాలేదు. వీళ్లతో మళ్లీ గుణింతం రాయిస్తే పేజీలు నిండుతాయి తప్ప చదవడం రాదు. పాత క్యాలెండర్ అట్టని ముక్కలు చేసి, ఒక్కోదాని మీద ఒక్కో అక్షరం రాసి, పదేసి చొప్పున కలిపి చూపించండి. వెంటనే మాటలు కట్టగలిగే అక్షరాలతో మొదలుపెట్టాలి: ప, ల, క, త, వ, గ, డ. వీటితోనే పలక, తల, వల, గడప వచ్చేస్తాయి. ద, డ ఒకే రోజు చెప్పకండి. మ, య కూడా అంతే. ఒకటి గట్టిపడ్డాక వారం ఆగి రెండోది.

వత్తుల దగ్గర చాలామంది పిల్లలు ఆగిపోతారు, దానికి కారణం ఉంది. త, న, మ, య, ర, ల వత్తులకి అసలు అక్షరంతో పోలికే ఉండదు. మిగతావాటిలో అక్షరం రూపం తెలుస్తూనే ఉంటుంది కాబట్టి పిల్లలే పోల్చుకుంటారు. అందుకని ఈ ఆరూ విడిగా, రోజుకొకటి చొప్పున నేర్పండి. మాటలు ఇంట్లోనే ఉన్నాయి: అత్త, అన్న, అమ్మ, అయ్య, చక్రం, పిల్ల. జ్జ, ట్ట, ప్ప, బ్బ తర్వాత చూపిస్తే రెండు మూడు రోజుల్లో పట్టుకుంటారు.

చదివేటప్పుడు ఎక్కడైనా ఆగితే మాట వెంటనే అందించకండి. మనసులో అయిదు లెక్కపెట్టండి. అప్పటికీ రాకపోతే మొదటి అక్షరం మాత్రం చెప్పండి. తప్పు దిద్దాక ఆ వాక్యం మొదటినుంచి చదివించాలి, లేకపోతే అర్థం తెగిపోతుంది.

ఇంగ్లీషుకీ ఇదే జబ్బు. "సి ఏ టి క్యాట్" అని గడగడా చెప్పే పిల్లాణ్ణి పుస్తకంలో లేని "క్యాప్" రాసి చదవమనండి. చదవలేకపోతే బొమ్మ చూసి చెప్తున్నాడన్నమాట. అక్షరం పేరు కాకుండా దాని శబ్దం చెప్పించాలి: క్, యా, ప్. మూడూ కలిపి పలికించి, ఆ తర్వాత మొదటి అక్షరం మారుస్తూ పోవాలి: మ్యాప్, ట్యాప్, ల్యాప్.

పాలమూరు

పలక గారూ, గుణింతం అప్పజెప్పించడం మరీ తీసిపారేయకండి. చదువు రాని తల్లి కూడా పక్కన కూర్చుని వినగలిగేది అదొక్కటే.

ఎక్కాలపుస్తకం

లెక్కల సంగతి నేను చెప్తాను. ఇక్కడ కూర్చోవడం వల్ల మేలు ఎంత ఉందో చేటూ అంత ఉంది. 1, 2 తరగతుల పిల్లల మీద అమెరికాలో చేసిన ఒక అధ్యయనం 2015లో వచ్చింది. లెక్కలంటే భయమున్న తల్లిదండ్రులు తరచూ హోంవర్క్‌లో సాయం చేసిన ఇళ్లలో పిల్లలు ఆ ఏడాది లెక్కలు తక్కువ నేర్చుకున్నారు. అలాంటివాళ్లు సాయం అంతగా చేయని ఇళ్లలో ఆ తేడా లేదు. భయం ఉన్నవాళ్లు లెక్క చెప్పడం మానేసి, చేసిన లెక్క చెప్పించుకుని వింటే చాలు.

3 నుంచి 5 తరగతుల్లో సమాధానం చూడకండి, తప్పు ఏ దారిలో వచ్చిందో చూడండి. 500లోంచి 237 తీసేయమంటే పిల్ల 337 అని రాసిందనుకుందాం. పరధ్యానం కాదది. 0లోంచి 7 పోదు కాబట్టి 7లోంచి 0 తీసేసింది, పెద్ద అంకెలోంచి చిన్నది. ఆ తీరు మార్చకుండా ఇంకో ఇరవై లెక్కలిస్తే ఇరవైసార్లూ అదే తప్పు గట్టిపడుతుంది. అయిదు వంద నోట్లు (కాగితం ముక్కల మీద రాసినవైనా సరే) చేతిలో పెట్టి 237 ఇవ్వమనండి. ఇవ్వలేదు, చిల్లర కావాలి. ఒక వందని పది పదులు చేయాలి, అందులో ఒక పదిని పది రూపాయి బిళ్లలు చేయాలి. ఇప్పుడు చేతిలో 4 వందలు, 9 పదులు, 10 రూపాయలు. ఇచ్చేశాక మిగిలింది 263. "పక్కింటి నుంచి అప్పు తెచ్చుకోవడం" అని మనం చెప్పే మాటకి అర్థం అప్పుడు తెలుస్తుంది. తర్వాత నోట్లు పక్కన పెట్టి అదే లెక్క కాగితం మీద చేయించాలి. ఈ ఆఖరి మెట్టు చాలామంది వదిలేస్తారు.

ఎక్కాలు 2 నుంచి 20 దాకా వరుసగా బట్టీ పట్టిస్తారు కదా, ఆ వరుస మార్చండి. ముందు 2, 10, 5. తర్వాత 2కి రెట్టింపు 4, దానికి రెట్టింపు 8. తర్వాత 3, 6, 9. ఏడు ఆఖరున. ఏడు ఎక్కం దగ్గరికి వచ్చేసరికి పదిలోపు కొత్తగా నేర్చుకోవాల్సింది ఏడేళ్లు నలభైతొమ్మిది ఒక్కటే, మిగతావన్నీ తిరగేసి చూస్తే ముందే వచ్చేసినవే.

కొత్తపలక

వరుసగా వల్లె వేస్తే తప్పేముంది? లయ పిల్లలకి పట్టునిస్తుంది.

ఎక్కాలపుస్తకం

తప్పు లేదు, కానీ చివర్లో వరుస తప్పించి అడగాలి. గుణింతం గురించి మీరు చెప్పింది ఇదే కదా.

రెండోబెంచీ

మీరిద్దరూ చెప్తున్నవి టీచర్ చేయాల్సిన పనులు. నోట్లు పరిచి తీసివేత చెప్పడం ప్రతి తల్లికీ కుదురుతుందా? పైగా అన్నీ అయిదో తరగతి లోపువే. ఆరు నుంచి ఎనిమిది దాకా రోజుకి గంటకి మించి హోంవర్క్ ఉండకూడదని అదే పాలసీ చెప్తోంది. ఇళ్లలో జరుగుతున్నది స్కూలు, తర్వాత ట్యూషన్, తర్వాత నాన్న. ఆ పిల్లలకి సొంతంగా ఒక పేజీ చదువుకునే వేళ ఏదీ?

ఎక్కాలపుస్తకం

ట్యూషన్ మీద నాదీ అదే మాట. కానీ తల్లిదండ్రులు పూర్తిగా చేతులు దులుపుకునేది సరిగ్గా ఆరో తరగతిలోనే, లెక్కలు విరిగేదీ అక్కడే. రెండు చోట్లు చెప్తాను.

ఒకటి భిన్నాలు. మూడింట ఒకటికి నాలుగింట ఒకటి కలిపితే ఏడింట రెండు అని రాస్తారు, పైవి పైకి, కిందవి కిందకి కూడేసి. "తప్పు, క.సా.గు. తీయి" అనకండి. "ఏడింట రెండు పెద్దదా, మూడింట ఒకటి పెద్దదా?" అని అడగండి. చపాతీ గీసి చూసుకుంటే మూడింట ఒకటే పెద్దది. కలిపితే ఉన్నది తగ్గిందేమిటని పిల్లే ఆగుతుంది. ఆ ఆగడం వచ్చాక క.సా.గు. ఎందుకో చెప్పాలి.

రెండోది సమీకరణాలు. 3ఎక్స్ + 5 = 20 ఇస్తే "ఇటుది అటు వెళ్తే గుర్తు మారుతుంది" అని నాన్నలు ఒక చిట్కా చెప్తారు. 3ఎక్స్ = 15 దాకా బాగానే వస్తుంది. ఆ తర్వాత 3 కూడా అటు వెళ్లి మైనస్ అయిపోతుంది, ఎక్స్ = 12 అంటాడు. చిట్కా చెప్పిన మనిషిదే తప్పు. రెండు వైపులా 5 తీసేశాం, రెండు వైపులా 3తో భాగించాం అని ప్రతి వరుస పక్కనా మాటల్లో రాయించండి. చివర్లో ఎక్స్ స్థానంలో 5 పెట్టి 20 వస్తోందో లేదో చూసుకోమనండి. సరిచూసుకునే ఈ అలవాటు పడితే ఏడో తరగతి చివరికి మీరు కూర్చోనక్కర్లేదు.

పాలమూరు

మీరందరూ లెక్కలు, ఇంగ్లీషు వచ్చిన ఇళ్ల గురించే మాట్లాడుతున్నారు. అయిదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి ఆపేసిన తల్లికి సర్కారు బడిలో ఇంగ్లీషు మీడియం చదివే కొడుకు ఉంటాడు. ఆమె ఏం చేయాలో కూడా చెప్పుకోవాలి, చేయగలిగింది చానా ఉంది.

రెండు రాష్ట్రాల్లోనూ సర్కారు బడుల్లో ద్విభాషా పుస్తకాలు ఇస్తున్నారు. ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ అదే పాఠం తెలుగులో. చాలా ఇళ్లలో ఆ తెలుగు పేజీ ఎవరూ చూడరు. సాయంత్రం పుస్తకం అమ్మ చేతిలో ఉండాలి, పిల్లాడి చేతిలో కాదు. ఈ రోజు సైన్సులో ఏం చెప్పారో తెలుగులో మూడు నిమిషాలు చెప్పమనాలి. అమ్మ తెలుగు పేజీ చూస్తూ వింటుంది. వదిలేసింది ఉంటే "ఇంకోటేదో ఉంది, గుర్తు తెచ్చుకో" అనాలి, చదివి వినిపించొద్దు. ఆ తర్వాతే పుస్తకం ఇచ్చి ఇంగ్లీషు పేజీ చదవనివ్వాలి.

ఇట్ల చేయడానికి గట్టి ఆధారమే ఉంది. 2006లో రోడిగర్, కార్పికె చేసిన ప్రయోగంలో ఒక గుంపు పాఠం మళ్లీ మళ్లీ చదివింది, ఇంకో గుంపు పాఠం మూసి గుర్తున్నది రాసింది. అయిదు నిమిషాల తర్వాత అడిగితే చదివినవాళ్లే ముందున్నారు. వారం తర్వాత అడిగితే రాసినవాళ్లు ముందున్నారు. పరీక్ష అయిదు నిమిషాల్లో రాదు కదా.

నోట్‌బుక్ చూడటానికీ ఇంగ్లీషు అక్కర్లేదు. ఎర్ర సిరా గుర్తు ఎక్కడుంది, దాని కింద పిల్లాడు సరిచేసి మళ్లీ రాశాడా లేదా? గైడ్‌లోంచి ఎక్కించిన జవాబుల్లో కొట్టివేత ఒక్కటీ ఉండదు, దాన్నిబట్టి కూడా తెలుస్తది. మూడు వారాలుగా నోట్‌బుక్కే దిద్దలేదంటే బడికి వెళ్లి అడగాలి. విద్యాహక్కు చట్టం ప్రకారం స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి. అడిగే హక్కు ఉన్నచోట అడగకుండా ఊరుకుని, ట్యూషన్‌కి నెలనెలా డబ్బు కట్టడం నాకు నచ్చదు.

గోదారిగట్టు

పెద్ద తరగతుల గురించి చెప్తాను. తొమ్మిది, పదిలో పాఠం దగ్గర కూర్చోవడం దండగ. ఇక్కడ ఇంటివాళ్లు కాపాడాల్సింది నిద్ర, టైము. 13 నుంచి 18 ఏళ్ల వాళ్లకి రోజుకి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని అమెరికా నిద్ర వైద్యుల సంఘం చెప్తోంది. తెల్లవారుజామున 4కి లేపుతున్నారంటే రాత్రి 8కే పడుకోబెట్టాలి. అది ఏ ఇంట్లోనూ జరగదు కాబట్టి 4కి లేపడం మానేయడమే దారి. ఫోన్ మీద రోజూ గొడవపడేకంటే, ఛార్జర్ హాల్లో పెట్టి రాత్రి అందరి ఫోన్లూ, అమ్మానాన్నలవి కూడా, అక్కడే ఉంచాలి.

పదిలో పాత ప్రశ్నపత్రాలు ముక్కలు ముక్కలుగా చేయిస్తారు. అలా చేస్తే ఆఖరి పెద్ద ప్రశ్నలకి టైం చాలదన్న సంగతి అసలు పరీక్షలోనే తెలుస్తుంది. ఆదివారం పొద్దున ఒక్క పేపరు, మొదలుపెడితే పూర్తయ్యే దాకా లేవకుండా రాయించండి. ఇంటికి చుట్టాలొచ్చినా, టీవీ అయినా ఆ మూడు గంటలు ఆగాల్సిందే. అది మాత్రం తల్లిదండ్రుల పనే.

ఇంటర్ హాస్టల్ పిల్లలకి ఫోన్ చేయగానే "వీకెండ్ టెస్ట్‌లో ర్యాంకెంత?" అని అడగడం వల్ల ఏమీ రాదు. జేఈఈ మెయిన్‌లో 75 ప్రశ్నలు, ఒక్కోటి 4 మార్కులు, తప్పుకి ఒక మార్కు కోత. పోయిన మార్కులన్నీ ఒక రకం కాదు: తెలిసీ తప్పుచేసినవి, పాఠమే రానివి, టైం చాలక వదిలేసినవి, ఊహించి పెట్టినవి. మొదటి రకానికి మెట్లు వదలకుండా రాయడం, రెండోదానికి పాఠం మళ్లీ చదవడం, మూడోదానికి ప్రశ్నలు ఎంచుకునే వరుస మార్చడం, నాలుగోదానికి ఊహించడం మానేయడం. ఏ రకంలో ఎన్ని పోయాయో అడిగితే పిల్లలు ఆ లెక్క వేసుకోవడం మొదలుపెడతారు. అంతకంటే ముందు "తిన్నావా, నిద్ర పడుతోందా" అని అడగండి. పిల్ల గొంతులో తేడా వినపడితే మార్కుల మాట ఎత్తకుండా మర్నాడే వెళ్లి చూసి రండి. సీటు ఇంకో ఏడాదైనా వస్తుంది.

రెండోబెంచీ

చివరి మాటకి నూటికి నూరుపాళ్లు ఒప్పుకుంటాను. చదివించే 15 నిమిషాలకి కూడా. పాలమూరు గారు చెప్పిన ద్విభాషా పుస్తకం పద్ధతి ప్రైవేటు బడి పిల్లలకీ పనికొస్తుంది, తెలుగు పేజీ లేకపోయినా తెలుగులో చెప్పించుకోవచ్చు. కానీ ఆరు, ఏడు తరగతుల్లో రోజూ పక్కన కూర్చోవడానికి నేనింకా ఒప్పుకోవడం లేదు. ఎక్కాలపుస్తకం గారు చెప్పిన రెండు చోట్లకీ రోజూ ఎందుకు?

ఎక్కాలపుస్తకం

రోజూ అని నేననలేదండీ. వారానికి ఒక్కరోజు, అరగంట. ఒక 100 పేజీల నోట్‌బుక్ తప్పులకే పెట్టించండి. ఎడమ పేజీలో తప్పు చేసిన లెక్క చేసినట్టే, చెరపకుండా. కుడి పేజీలో ఏ వరుస దగ్గర తప్పిందో ఒక్క వాక్యం, దాని కింద సరైన లెక్క. వారానికి నాలుగైదు లెక్కలకి మించొద్దు, ఎక్కువైతే రాయడం మానేస్తారు. ఆదివారం మీరు కుడి పేజీ మూసి, మూడు వారాల కిందటి లెక్క ఒకటి మళ్లీ చేయమనండి. వస్తే టిక్ పెట్టండి. రాకపోతే తేదీ వేసి వచ్చే ఆదివారానికి ఉంచండి.