1792 న్యూయార్క్ గవర్నర్ ఎన్నిక: క్లింటన్ గెలిచాడా, గెలిపించుకున్నాడా?

చావిడి_శీను

జార్జ్ క్లింటన్ 1792లో న్యాయంగానే గెలిచాడని ఒకాయన నాతో గంటసేపు వాదించాడు, అందుకే ఇది ఇక్కడ పెడుతున్నా. తెలియనివాళ్లకి కథ క్లుప్తంగా: 1777 నుంచి గవర్నర్ కుర్చీ వదలని క్లింటన్ మీద ఫెడరలిస్టులు (బలమైన కేంద్ర ప్రభుత్వం కావాలనే పార్టీ) జాన్ జేని నిలబెట్టారు. ఆయన అప్పటికే అమెరికా సుప్రీంకోర్టు చీఫ్ జస్టిస్, పోటీ చేస్తూ ఆ పదవికి రాజీనామా కూడా చెయ్యలేదు. ఏప్రిల్‌లో ఓట్లు పడ్డాయి. అప్పట్లో గవర్నర్ ఓట్లు ఊళ్లల్లో లెక్కపెట్టరు. పెట్టెలు కౌంటీ (మన జిల్లా లాంటిది) షెరీఫ్, అంటే అక్కడి శాంతిభద్రతల అధికారి చేతికొస్తే, ఆయన స్వయంగానో డిప్యూటీ ద్వారానో రాష్ట్ర కార్యదర్శి ఆఫీసుకి చేర్చాలి, శాసనసభ వేసిన కమిటీ అక్కడ లెక్కిస్తుంది. ఆ కమిటీ ఆట్సిగో, టయోగా, క్లింటన్ అనే మూడు కౌంటీల ఓట్లు అసలు లెక్కలోకే తీసుకోలేదు. మిగిలినవి లెక్కేస్తే క్లింటన్‌కి 8,440, జేకి 8,332. తేడా 108! (మూడో కౌంటీకి పెట్టింది ఈ గవర్నర్ పేరే, దాని ఓట్లూ చెల్లలేదు, అదో తమాషా.)

నా దృష్టిలో ఇది పట్టపగలు దొంగతనం.

లా_పాయింట్

శీనూ, దొంగతనం అనేముందు కాగితం చూడు బాబూ. ఆట్సిగో షెరీఫ్ రిచర్డ్ స్మిత్ గడువు ఫిబ్రవరిలోనే అయిపోయింది. ఏప్రిల్‌లో ఆయన టౌన్ సూపర్‌వైజర్‌గా, అంటే ఊరి పాలనలో వేరే పదవికి, ఎన్నికయ్యాడు కూడా. కొత్త షెరీఫ్ ఇంకా చార్జ్ తీసుకోలేదు. అయినా పెట్టెలు పోగుచేసి డిప్యూటీతో పంపింది ఈ స్మిత్తే. చట్టం షెరీఫ్ అంది, మాజీ షెరీఫ్ అనలేదు. టయోగాలో పెట్టె తెస్తున్న డిప్యూటీకి దారిలో జబ్బు చేస్తే వేరొకడి చేతికిచ్చి పంపాడు. క్లింటన్ కౌంటీ పెట్టె తెచ్చినవాడి దగ్గర రాతపూర్వక నియామకమే లేదు. దారిలో ఎవడెవడి చేతులు మారిందో తెలియని పెట్టెని నువ్వయితే లెక్కపెడతావా?

రిటైర్డ్_గుమాస్తా

లా పాయింట్ గారూ, నేను నాలుగుసార్లు ఎలక్షన్ డ్యూటీ చేశాను. పెట్టె అప్పగించి రసీదు చేతిలో పడేదాకా అన్నం సయించదు, అర్ధరాత్రి లైన్లో పెట్టె మీదే చెయ్యి వేసుకుని కునికిపాట్లు పడ్డ రోజులున్నాయి. కాబట్టి ఎవరి చేతిలో ఉందన్నది చిన్న విషయమని నేననను. కానీ సీలు చెదిరిందనీ, ఓట్లు మార్చారనీ కమిటీ అనలేదే! తెచ్చినవాడి హోదా మీద పేచీ పెట్టారు, అంతే. గుమాస్తా తప్పుకి ఊరంతటి ఓటు పోవాలా?

ఇంకోటి. షెరీఫులను వేసేది నియామకాల కౌన్సిల్. దానికి అధ్యక్షుడు ఎవరు? గవర్నరే. షెరీఫ్ కుర్చీ ఖాళీగా ఉంచింది తమ ఇంటివాళ్లు, ఆ ఖాళీ వల్ల లాభపడిందీ వాళ్లే.

లా_పాయింట్

మాస్టారూ, గడువు ముగిసినా పని చేస్తున్న అధికారి చేసింది చెల్లుతుందన్న వాదన ఉంది, ఒప్పుకుంటా. న్యూయార్క్ తరఫున అమెరికా సెనేట్‌లో ఉన్న ఇద్దరిలో ఒకడైన రూఫస్ కింగ్ మూడూ లెక్కపెట్టమనే సలహా ఇచ్చాడు. కానీ రెండో సెనేటర్ ఆరన్ బర్ ఆట్సిగో ఓట్లు చెల్లవన్నాడు. ఇద్దరూ లాయర్లే. పైగా ఆట్సిగోలో పెత్తనమంతా విలియం కూపర్‌ది, కూపర్స్‌టౌన్ కట్టినాయన, అక్కడ జడ్జి. తన దగ్గర భూములు కొని బాకీపడ్డవాళ్లని బెదిరించి జేకి ఓట్లేయించాడని ఆరోపణలు గట్టిగానే వచ్చాయి.

చావిడి_శీను

బెదిరింపు ఆరోపణ వేరే కేసు అన్నా, కమిటీ కొట్టేసింది దాని మీద కాదు కదా. ఆరన్ బర్ సంగతంటారా, ఆయన సెనేట్ సీటు క్లింటన్ మనుషులు కలిసిరావడం వల్ల వచ్చిందే. కమిటీలో క్లింటన్ వర్గం ఏడుగురు కొట్టేద్దాం అన్నారు, నలుగురు వద్దన్నారు. ఆ నలుగురిలో శామ్యూల్ జోన్స్ ఉన్నాడు, న్యూయార్క్ చట్టాలను క్రోడీకరించిన ఇద్దరిలో ఒకడు. ఆయనకంటే చట్టం మనకెక్కువ తెలుసా? చివరికి ఆట్సిగో ఓట్లు తగలబెట్టేశారు. మళ్లీ లెక్కపెడదామన్నా బూడిదే మిగిలింది.

పెరట్లో_జామచెట్టు

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. ప్రజాతీర్పు ప్రజాతీర్పు అంటున్నారు గానీ, గవర్నర్‌కి ఓటెయ్యాలంటే 100 పౌండ్ల విలువైన సొంత భూమి ఉండాలి అప్పుడు. బానిసత్వానికి వ్యతిరేకంగా 1785లో పెట్టిన సంఘానికి జే అధ్యక్షుడిగా చేశాడు, బానిసలున్న రైతుల్లో ఆయనంటే మంట. ఆ రైతుల ఓట్లు పోకపోయుంటే ఈ 108 గొడవే వచ్చేది కాదేమో.

రిటైర్డ్_గుమాస్తా

అది నిజమేనమ్మా. జే మాత్రం గొడవ పెంచలేదు. అనుచరులు ఊరూరా సభలు పెట్టి క్లింటన్‌ని దొంగ గవర్నర్ అని తిడుతుంటే, ఈయన భార్యకి రాసిన ఉత్తరంలో రాష్ట్రాన్ని ఏలడం కంటే నన్ను నేను ఏలుకోవడమే నాకు ముఖ్యం అన్నాడు. మూడేళ్ల తర్వాత 1795లో, బ్రిటన్‌తో ఒప్పందం పని మీద ఇంగ్లండ్ వెళ్లి ఇంకా తిరిగి రాకముందే జరిగిన ఎన్నికలో గవర్నర్‌గా గెలిచాడు. క్లింటన్ ఆసారి పోటీకే రాలేదు.

లా_పాయింట్

సరే, టయోగా, క్లింటన్ కౌంటీల దగ్గర నేను తగ్గుతా. మనిషికి జబ్బు చేస్తే ఓటు చెల్లదనడం నాకూ నచ్చలేదు. ఆట్సిగో దగ్గర మాత్రం తగ్గను.

చావిడి_శీను

జేకి బలమున్నదే ఆట్సిగోలో కదా అన్నా!

లా_పాయింట్

అందుకే తగ్గట్లేదు 😀